నీళ్ళ మీద పేరు పిలవకండి

నీళ్ళలో మునిగేవాడు అరవడు. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లలకి నేను మొదట చెప్పే మాట ఇదే. చేతులు పైకెత్తి కేకలు పెడతాడని మీరనుకుంటారు. నోట్లోకి నీళ్ళు పోతుంటే కేక ఎక్కణ్ణుంచి వస్తుందర్రా? అరిచేది ఒడ్డున ఉన్నవాళ్ళు. ఆ అరుపు ఎవరి చెవిన పడింది, పడ్డాక వాళ్ళు ఏం చేశారు అన్నదాన్ని బట్టే ఆ మనిషి బతకడమో పోవడమో ఉంటుంది. లైఫ్ జాకెట్లు లెక్కపెట్టి, సంతకం గీకి, కొబ్బరి బోండాం తాగి వచ్చేసే ఇన్‌స్పెక్టర్లని చాలామందిని చూశాను. వాళ్ళతో నాకెప్పుడూ పడలేదు.

నేను ఏలూరు ఆఫీసు నుంచి పడవల తనిఖీ చేసేదాన్ని. మాది తాడేపల్లిగూడెం. నాన్న మిషన్ బళ్ళో టీచరు. దెయ్యాలూ భూతాలూ అంటే ఆయనకి ఎంత చిరాకో, నాకూ అంతే. ప్రమోషన్ల గురించి రాయను, రాయడానికి పెద్దగా లేవు కూడా. నా నోరే దానికి కారణమంటారు మా ఆయన. అందులో అబద్ధం ఏమీ లేదు.

దీంట్లో రెండు పేర్లు రాయను. ఒకటి నాది, ఒకటి చనిపోయిన ఒక మనిషిది. ఊరిని కూడా లంక అని ఊరుకుంటాను, కొల్లేట్లో లంకలకి కొదవా? ఎందుకు రాయలేదో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

ముందు విను

నా మొదటి బాసు రిటైర్‌మెంటుకి దగ్గర్లో ఉన్న పెద్దాయన. తణుకు వైపు కాలవ మీద ఒక రేవు పడవని చూడ్డానికి నన్ను వెంటపెట్టుకెళ్ళారు. నేను పడవ ఎక్కీ ఎక్కగానే టేపు తీసి కొలవడం మొదలెట్టాను. డిగ్రీ చేతిలో ఉంది, ఉద్యోగం కొత్త, ఇక చూసుకోండి.

"టేపు లోపల పెట్టమ్మా. కూర్చో. ముందు విను, తర్వాత కొలుద్దువుగాని," అన్నారాయన.

కూర్చున్నాను. పడవ అవతలి ఒడ్డుకి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ముసలాయన కునుకు తీస్తున్నాడనుకుని లోలోపల తిట్టుకున్నాను. మళ్ళీ వెళ్ళి మళ్ళీ వచ్చాక నా కాళ్ళ కింద ఎక్కడో సన్నగా, చంటిపిల్ల గుటకలు వేసినట్టు ఒక చప్పుడు వినపడింది. అడుగు చెక్క చీలి ఉంది. పైకి తారు పూసి నున్నగా ఉంచారు. నా టేపుకి అది దొరికేది కాదు.

ఆ తర్వాత ఏ పడవ ఎక్కినా కాసేపు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేదాన్ని. పడవ వాళ్ళు నన్ను చూసి అమ్మగారు ప్రార్థన చేసుకుంటున్నారనుకునేవాళ్ళు. అనుకోనీ అని ఊరుకున్నాను.

సూరిబాబు వెనక్కి తిరగలేదు

కొల్లేటి తనిఖీలు నాకప్పగించినప్పుడు, మా ఆఫీసువాళ్ళు లంకలోని సూరిబాబు పడవని మాట్లాడి పెట్టారు. నా ఈడువాడే. మెత్తటి మనిషి, ప్రతి మాటకీ "ఆయ్" అంటాడు.

మొదటిరోజు నన్ను లంకలో దింపి అతను వెళ్ళిపోతుంటే, సంచీ పడవలోనే మర్చిపోయానని గుర్తొచ్చింది. ఒడ్డున నిలబడి, "సూరిబాబూ! ఓ సూరిబాబూ!" అని గొంతు చించుకుని అరిచాను. వినపడేంత దూరంలోనే ఉన్నాడు. వెనక్కి తిరగలేదు. ఇంకా గట్టిగా అరిచాను.

తిరగాల్సినవాడు తిరగలేదుగానీ మిగతా కొల్లేరంతా కదిలింది. కిక్కిస గడ్డి వెనకనుంచి ఒక తాటిదోనె వచ్చింది. గుర్రపుడెక్క చాటునుంచి ఇంకొకటి. చూస్తుండగానే ఎక్కడెక్కడివో దోనెలన్నీ నా ముందుకి చేరాయి. ఒక్కళ్ళూ మాట్లాడరు. గెడకర్రలు పట్టుకుని నిలబడి నన్నే చూస్తున్నారు. నా వెనక ఇళ్ళలోంచి ఆడవాళ్ళు కూడా బయటికొచ్చి గుండెల మీద చెయ్యేసుకుని నిలబడ్డారు. పట్టపగలు, ఎండ మాడుతోంది, నేను మాత్రం రెండడుగులు వెనక్కి వేశాను.

అప్పుడు తిరిగాడు సూరిబాబు. పడవ అంచు మీద గెడతో రెండుసార్లు కొట్టాడు, టక్కు టక్కుమని. ఆ చప్పుడు వినగానే అందరూ ఒక్క మాట కూడా అనకుండా ఎటువాళ్ళటు వెళ్ళిపోయారు.

"ఏవయ్యా, చెవుడా నీకు?" అని విరుచుకుపడ్డాను.

"ఆయ్, కాదండి. నీళ్ళ మీద పేరెట్టి పిలవకూడదండి."

"పిలిస్తే ఏమవుతుంది?"

"పోయినోణ్ణే పేరెట్టి పిలుత్తామండి. బతికున్నోణ్ణయితే హో అంటామండి. ఆడు ఇలా కొడతాడండి, ఉన్నానని."

మిగతాదంతా పడవలో తిరిగొస్తూ చెప్పాడు. మనిషి కనపడకపోతే ముందు "హో" అంటారు. గెడ చప్పుడు రాకపోతేనే ఒడ్డునుంచి పేరు పెట్టి పిలుస్తారు. నీళ్ళ మీద పేరు వినపడితే చాలు, వల చేతిలో ఉన్నా, గొంతులో ముద్ద ఉన్నా వదిలేసి అందరూ రావాలి. పిలిచిన మనిషి మాత్రం, వెతకడానికి వెళ్ళిన దోనెలు తిరిగి వచ్చేదాకా ఒడ్డున నిలబడే ఉండాలి, కూర్చోకూడదు. మనిషి దొరక్కపోతే మూడు సాయంత్రాలు పిలిచి, ఆఖర్న గుప్పెడు బియ్యం నీళ్ళలో వదిలేస్తారు. ఆ తర్వాత ఆ పేరు కొల్లేటి మీద ఎవరూ ఎత్తకూడదు.

"ఎత్తితే?"

"వచ్చేత్తారండి," అన్నాడు. రేపు పొద్దున్న బస్సు వస్తుందన్నంత మామూలుగా అన్నాడు.

నేను నవ్వాను. ఆ ఏడే ఆ నవ్వు ఆగిపోయింది. ఒక మధ్యాహ్నం లంకలో ఉండగా, ఫిట్స్ వచ్చే పెద్దాయన ఒకాయన దోనెలోంచి పడిపోయాడు. ఆయన కూతురు ఒడ్డున నిలబడి పేరు పెట్టి పిలిచింది. ఆ పిలుపు ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. ఏడుపు కాదు, కేక కాదు. పేరుని సాగదీసి, ఆఖరి అక్షరాన్ని వదలకుండా పట్టుకుంటారు. దోనెలన్నీ వచ్చేశాయి, వరసకట్టి గెడలతో వెతికాయి, మనిషిని బతికుండగానే పైకి తీశాయి. ఏ సైరనూ అంత తొందరగా జనాన్ని పోగుచెయ్యడం నా సర్వీసులో చూడలేదు. దీన్ని మించిన సేఫ్టీ పరికరం మా ఆఫీసులో లేదని అప్పుడే అర్థమైంది. ఆనాటి నుంచి కొల్లేట్లో నేను ఎవర్నీ పేరు పెట్టి పిలవలేదు.

అలలు లేని చోటికి పలకలు

సముద్రపొడ్డున అలల మీద నిలబడి ఆడుకునే పలకలుంటాయి చూశారా, సర్ఫింగు పలకలు, వాటితో ఎక్కడో బీచిలో వ్యాపారం చేసే కంపెనీ ఒకటి లంకకి వచ్చింది. కొల్లేట్లో అలలెక్కడివి? లేకపోతే ఏం, నిలబడి తెడ్డు వేసుకుంటూ గూడబాతుల్ని చూస్తారన్నారు. వెదురు పాకలు లేచాయి, చెక్కల జెట్టీ వచ్చింది, లంక దాకా రోడ్డు కూడా పడింది. శని, ఆదివారాలు ఆకివీడు రోడ్డు మీద కార్లే కార్లు.

నన్ను అడిగితే అదంతా చెడ్డదని అనను. లంకలో మగవాళ్ళకి పలకల దగ్గర గైడు ఉద్యోగాలొచ్చాయి. చేపల చెరువుల్లో కూలికి పోయి రాత్రిళ్ళు కాపలా కాసేవాళ్ళు ఇంటిపట్టున ఉన్నారు. ఆడవాళ్ళు రొయ్యల వేపుడు అమ్ముకున్నారు. నీళ్ళలో ఎప్పుడూ వంగి ఉండే మనుషులు నిటారుగా నిలబడి ఇంగ్లీషు ముక్కలు మాట్లాడుతుంటే నాకూ ముచ్చటగానే ఉండేది. వాళ్ళలో ఒకడు దుర్గ భర్త. దుర్గ రొయ్యలు ఏరే పిల్ల, గలగలా మాట్లాడేది. అతను నవ్వుమొహం మనిషి, ఎంతమంది మధ్య ఉన్నా ముందు అతనే కనపడేవాడు. టూరిస్టులందరికీ అతనే కావాలి.

మేనేజరు కార్తీక్ విశాఖపట్నం కుర్రాడు. మర్యాదస్తుడు. గైడులందరికీ నారింజరంగు లైఫ్ జాకెట్లు తెప్పించాడు. వీపు మీద, గుండె మీద ఎవరి పేరు వాళ్ళకి పెద్ద అక్షరాలతో అచ్చు వేయించాడు.

"పేర్లు తీసెయ్ బాబూ," అన్నాను, జెట్టీ తనిఖీకి వెళ్ళినరోజే.

"ఎందుకు మేడమ్? గెస్టులు పేరు పెట్టి పిలిస్తే ఇంట్లో మనిషిలా ఉంటుంది."

లంక సంగతంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు, "చాలా బాగుంది మేడమ్, గెస్టులకి చెప్పాల్సిన కథ," అన్నాడు. ఏలూరు వచ్చి మా పెద్ద సారు చెవిన వేశాను. ఆయన మంచివారే, కాకపోతే రూలు లేనిదే చెయ్యి కదపరు. "జాకెట్ మీద పేరుండకూడదని ఎక్కడుందమ్మా?" అన్నారు. ఎక్కడా లేదు.

వినపడ్డం లేదండి

మొదట్లో నీళ్ళ మీద పేరు లేచినప్పుడల్లా లంక అంతా పరిగెత్తేది. "ఇటు చూడు! ఫోటో! ఒక్క ఫోటో!" అని పలకల మీద నిలబడ్డ పిల్లలు గైడు పేరు పెట్టి అరుస్తుంటే, దోనెలు వలలొదిలేసి వచ్చేవి. మౌనంగా చుట్టూ చేరేవి. మనిషి క్షేమంగా ఉన్నాడని చూసుకుని వెళ్ళిపోయేవి. టూరిస్టులకి అదొక వింత. తమకి స్వాగతం చెప్పడానికి వచ్చారనుకుని చప్పట్లు కొట్టేవాళ్ళు.

ఆ తర్వాత ఎవరు మొదలెట్టారో గానీ అదొక ఆటైపోయింది. "ఏదైనా పేరు గట్టిగా పిలవండి, గడ్డిలోంచి పడవలొస్తాయి," అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుని మరీ పిలిచేవాళ్ళు. వీడియోలు తీసేవాళ్ళు. నేను చూస్తుండగానే ఒకసారి పిలిచారు. చాలాసేపటికి ఒకే ఒక్క దోనె వచ్చింది. అందులో ముసలాయన, ఫిట్స్ వచ్చి బతికి బయటపడ్డ ఆ పెద్దాయనే, గెడ పట్టుకుని వణుకుతూ అందరి మొహాల్లోకీ చూసి వెనక్కి వెళ్ళాడు. ఆ వెళ్ళడం చూస్తే నాకు ఏడుపొచ్చింది. నవ్వుతున్న పిల్లల్ని నోటికొచ్చినట్టు తిట్టేశాను. కంపెనీ నా మీద ఆఫీసుకి రాసింది.

కొన్నాళ్ళకి ఆ ఒక్క దోనె కూడా రావడం మానేసింది. దుర్గని అడిగాను.

"మొదట్లో పరిగెత్తేవోళ్ళమండి. తర్వాత కూకున్న చోటునుంచే ఇనేవోళ్ళం. ఇప్పుడు అసలు ఇనపడ్డంలేదండి," అని నవ్వింది.

కార్తీక్‌ని మళ్ళీ పట్టుకున్నాను. ఈసారి గైడులకి విజిల్స్ ఇచ్చాడు. వాటిని టూరిస్టులు అడిగి తీసుకుని ఊదుకున్నారు. ఇప్పుడు మీరు చెప్పండి, ఆ లంకలో ఆపదొస్తే ఇక దేనితో పిలవాలి?

ఆ ఆదివారం పొద్దున్న

చలికాలం. గుండుగొలను దగ్గర హైవే దిగేసరికే జీపు ముందు రోడ్డు కనపడ్డంలేదు. లంక రేవుకి చేరేసరికి బాగా పొద్దెక్కినా మంచు విడలేదు. జీపు దిగాను. నీళ్ళు కనపడలేదు, గొంతులు మాత్రం వినపడుతున్నాయి. నవ్వుతూ, కేరింతలు కొడుతూ దుర్గ భర్త పేరే పిలుస్తున్నారు. "ఎక్కడున్నావ్? రావయ్యా, ఫోటో తియ్యాలి!"

ఆ గొంతుల మధ్య ఒక గొంతు నవ్వడంలేదు. అదే పేరు. సాగదీసి, ఆఖరి అక్షరాన్ని వదలకుండా.

మా డ్రైవరుకి తేడా తెలియలేదు. నాకు తెలిసింది. మోకాళ్ళ నొప్పి సంగతి మర్చిపోయి పరిగెత్తాను. ఒడ్డున దుర్గ నిలబడి ఉంది. రెండు చేతులూ నోటి పక్కన పెట్టుకుని మంచులోకి పిలుస్తోంది. గొంతు బొంగురుపోయింది. జెట్టీ మేకుకి అతని లైఫ్ జాకెట్ వేలాడుతోంది.

జరిగింది ఇంతే. ఎవరిదో తెడ్డు కొట్టుకుపోయి గుర్రపుడెక్కలో ఇరుక్కుంది. అందులోకి పలక వెళ్ళదు కాబట్టి తన సొంత తాటిదోనె తీసుకున్నాడు. గడ్డికి తగులుకుంటుందని జాకెట్ తీసి మేకుకి తగిలించాడు. మంచులోకి వెళ్ళాడు. ఎంతకీ రాకపోతే దుర్గ "హో" అంది. గెడ చప్పుడు రాలేదు. మళ్ళీ అంది. రాలేదు. అప్పుడు పేరెత్తింది.

"పిలిచి ఎంతసేపయింది?" అన్నాను.

"ఎవరూ రావట్లేదండమ్మా," అంది. అదే మాట మళ్ళీ మళ్ళీ అంది.

మంచులో టూరిస్టులు ఇంకా పిలుస్తూనే ఉన్నారు. భార్య పిలుపూ వాళ్ళ పిలుపూ ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. "నోళ్ళు ముయ్యండి!" అని అరిచాను. నా జన్మలో అంత గట్టిగా అరవలేదు. కొల్లేరంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. ఆ నిశ్శబ్దంలో దుర్గ మళ్ళీ ఒకసారి పిలిచింది.

అప్పుడొచ్చాయి దోనెలు. ముందు సూరిబాబుది. అతని మావులు, అదే చేపలు పట్టే వెదురుబుట్టలు, జెట్టీకి పక్కనే ఉంటాయి.

"ఇన్నానండి. మొదట్నించీ ఇన్నానండి," అన్నాడు. "ఫోటోకేమో అనుకున్నానండి." రెండు చేతులతో మొహం మీద కొట్టుకున్నాడు. ఎవరూ ఆపలేదు.

మనిషి దొరకలేదు. దోనె కూడా దొరకలేదు. మేము గజ ఈతగాళ్ళని తెప్పించాం, గుర్రపుడెక్క కోయించాం. పాత చేపల చెరువుల గోతులున్నాయి అక్కడ, అవన్నీ గాలించాం. మూడు సాయంత్రాలు పిలిచి, దుర్గ గుప్పెడు బియ్యం నీళ్ళలో వదిలింది.

లైఫ్ జాకెట్ మీద పేరు

కొన్నాళ్ళు మూసి, కంపెనీ మళ్ళీ తెరిచింది. అతని చోట్లో పక్క లంకనుంచి ఇంకొకర్ని పెట్టుకున్నారు. కొత్త జాకెట్ రావడానికి టైము పడుతుందని, మేకుకి ఉన్న జాకెట్టే వేశారు. దాని మీద పాత పేరే ఉంది. టూరిస్టులకేం తెలుసు? ఆ పేరే పిలిచారు.

దుర్గ ఏలూరులో మా ఆఫీసుకి వచ్చింది. గలగలా మాట్లాడే పిల్ల, చిక్కి సగమైపోయింది. కుర్చీ చూపించాను.

"కూకోకూడదండి," అంది. "నేను మొదట పిలిచిన పిలుపుకి దోనెలు రాలేదు గదండీ, మీరు ఆళ్ళ నోళ్ళు మూయించాకే వచ్చాయండి. ఆ పిలుపుకి వచ్చేదాకా నిలబడాలండి."

రాత్రిపూట పడుకోవడం తప్పిస్తే ఎక్కడా కూర్చోవడంలేదట. రొయ్యలు నిలబడే ఏరుతోంది, అన్నం నిలబడే తింటోంది. సూరిబాబు కూడా అదే చెప్పాడు.

"ఆ పేరు ఆపించండమ్మా," అంది. "ఆళ్ళు పిలిచినప్పుడల్లా ఆయన పలుకుతున్నారండి. గెడ కొడుతున్నారండి. పంపించేశాం గదండీ, బియ్యం వదిలాం గదండీ. ఎల్లనివ్వట్లేదండి ఆయన్ని." అప్పటిదాకా ఆపుకున్నది ఇక ఆగలేదు. నా బల్ల పట్టుకుని నిలబడే ఏడ్చింది.

పెద్ద సారుకి చెప్పాను. "ఆ దోనె గడ్డిలో ఎక్కడో ఇరుక్కుని గాలికి కొట్టుకుంటోందేమోనమ్మా," అన్నారు.

"పిలిచినప్పుడే కొట్టుకుంటుందా సార్ గాలికి?"

"కారణం ఏమని రాస్తావు? చనిపోయినవాడు జవాబిస్తున్నాడనా?"

నేనూ నమ్మలేదు, ఉన్నమాట చెబుతున్నాను. కానీ ముందు వినమని నేర్చుకున్నదాన్ని. మంచు పట్టిన ఒక పొద్దున్న కార్తీక్‌ని వెంటపెట్టుకుని సూరిబాబు పడవెక్కాను. ఆ రోజు లంకలో పెళ్ళి. వేటకి ఎవరూ దిగలేదు. తాటిదోనెలన్నీ ఒడ్డున బోర్లించి ఉన్నాయి. నీళ్ళ మీద ఉన్న చెక్క పడవ మాదొక్కటే. పలకలన్నీ ప్లాస్టిక్కువి, వాటికి ఆ చప్పుడు రాదు.

కాసేపు కూర్చుని విన్నాను. పలక మీద ఒక కాలేజీ పిల్ల, కొత్త గైడు వీపు మీది పేరు చదివి పిలిచింది. అతను నవ్వి చెయ్యి ఊపాడు.

కిక్కిస వైపునుంచి, టక్కు టక్కుమని వినపడింది.

కార్తీక్ అటు తిరిగాడు. "ఎవరది? అక్కడెవరున్నారు?"

"మా దోనెలన్నీ ఒడ్డునే ఉన్నాయండి," అన్నాడు సూరిబాబు, తల వంచుకుని.

ఫోటో సరిగ్గా రాలేదేమో, ఆ పిల్ల మళ్ళీ పిలిచింది. "వద్దమ్మా!" అని సూరిబాబు అనేలోపే పిలిచేసింది. చప్పుడు మళ్ళీ వచ్చింది. ఈసారి దగ్గరనుంచి. గుర్రపుడెక్క కదల్లేదు, నీళ్ళు కదల్లేదు, గాలన్నది లేదు. వెనక్కి చూస్తే ఒడ్డున మంచులో దుర్గ నిలబడి ఉంది.

కార్తీక్ అందర్నీ ఒడ్డుకి రమ్మన్నాడు. వంటపాకలోంచి చాకు తెచ్చి, జాకెట్ల మీద పేర్లన్నీ తనే గీకడం మొదలెట్టాడు. వేలు కోసుకున్నా ఆపలేదు. ఆ కుర్రాడి మీద నాకున్న కోపం కొంత ఆ రోజు పోయింది, అంతా పోలేదు.

నేను ఏలూరు వచ్చి ఆర్డరు రాశాను. గైడులకి పేర్లు ఉండకూడదు, రంగుపట్టీలు ఉండాలి, నీళ్ళ మీద ఎవరినీ పేరుతో పిలవకూడదు. కారణం దగ్గర, "సరదాకి పిలిచే పిలుపుల వల్ల ఆపదలో పిలిచే పిలుపు వినపడకుండా పోతోంది," అని రాశాను. అక్షరం అబద్ధం లేదు. పెద్ద సారు చదివి, నా వైపు చూసి, సంతకం పెట్టారు.

చివరి తనిఖీ

తర్వాతి చలికాలం, రిటైరయ్యే ముందు ఆఖరిసారి లంకకి వెళ్ళాను. టూరిస్టులు వస్తూనే ఉన్నారు. "ఎర్రపట్టీ అన్నా", "పచ్చపట్టీ అన్నా" అని పిలుచుకుంటున్నారు. ఒకమ్మాయి నా పేరడిగింది. ఒడ్డుకెళ్ళాక చెబుతానన్నాను. కొల్లేరు మీద ఒక్క పేరు వినపడలేదు. గెడ చప్పుడూ లేదని చెప్పాడు సూరిబాబు.

మంచు ఇంకా ఉంది. టూరిస్టులు టిఫిన్లకి వెళ్ళారు. దుర్గ ఒడ్డున నిలబడే ఉంది. ఇప్పటికీ కూర్చోవడంలేదట. నన్ను చూసి దగ్గరకొచ్చింది.

"అమ్మా, ఒక్కసారి పిలుత్తానండి."

సూరిబాబు అదిరిపడ్డాడు. "వద్దు తల్లీ. బియ్యం వదిలేశాం. వద్దు."

"ఆ రోజు నేను పిలవగానే మీరెవరూ రాలేదు గదా బాబాయ్," అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు. "ఆ పిలుపు అలాగే ఉండిపోయింది. ఆయనా ఎల్లలేరు, నేనూ కూకోలేను."

సూరిబాబు నా వైపు చూశాడు. నేనేం చెప్పను? ఇలాంటిదానికి ఏ రూలు చూడను? తలూపాను. అతను గెడ తీసుకుని దోనె ఎక్కి మంచులోకి వెళ్ళిపోయాడు.

దుర్గ రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని పిలిచింది. ఒక్కసారే.

కిక్కిస వెనకనుంచి ఒక దోనె వచ్చింది. గుర్రపుడెక్క చాటునుంచి ఇంకొకటి. లంకలో ఉన్న దోనెలన్నీ వచ్చాయి, పక్క లంకలవీ వచ్చాయి. ఆ ముసలాయన కూడా వచ్చాడు. వలలొదిలి, ఎవరూ ఒక్క మాట మాట్లాడకుండా, గెడలు పట్టుకుని ఒడ్డు ముందు వరసగా నిలబడ్డారు. అందరికంటే ముందు సూరిబాబు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి.

"ఆ రోజు పిలవగానే రావలసినోళ్ళం. ఇయ్యాల వచ్చాం తల్లీ," అన్నాడు.

అప్పుడు వాళ్ళందరి వెనకనుంచి, టక్కు టక్కుమని వినపడింది.

ఎవరూ వెనక్కి తిరగలేదు. నేనూ తలెత్తి చూడలేదు. మా నాన్న కూతుర్ని, అయినా చూడలేదు.

"ఎల్లిరండి," అంది దుర్గ. పొద్దున్నే పనికి పంపిస్తున్న మనిషితో అన్నట్టే అంది.

చప్పుడు ఇంకోసారి వచ్చింది, కాస్త దూరంనుంచి. మళ్ళీ వచ్చింది, ఇంకా దూరంనుంచి. సముద్రంలోకి పోయే ఉప్పుటేరు వైపు అలా వెళ్ళి వెళ్ళి, మంచులో వినపడకుండా పోయింది. దోనెలు ఒకటొకటే ఒడ్డుకి చేరాయి. అన్నీ చేరేదాకా చూసి, అప్పుడు దుర్గ కింద కూర్చుంది.